ఇంగ్లండ్ పల్లెలో ఊరి పనులు చేయించుకోవడం ఎలా: పారిష్ కౌన్సిల్ గురించి తెలియాల్సినవన్నీ

స్విండన్, రెడింగ్, మిల్టన్ కీన్స్ లాంటి చోట్ల కొన్నాళ్లు అద్దెకి ఉండి, పిల్లలు పుట్టాక కాస్త పెద్ద ఇల్లు, కాస్త పచ్చదనం కావాలనుకుని చుట్టుపక్కల పల్లెలకి మారే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇల్లు బాగుంటుంది, గాలి బాగుంటుంది. మొదటి చలికాలం వచ్చేసరికి అసలు సంగతులు బయటపడతాయి. గేటు ముందు రోడ్డు మీద గుంత, వాన పడితే సందులో నీళ్లు, బస్ షెల్టర్ కారడం, పిల్లల్ని స్కూలుకి నడిపించే దారి మీదకి ముళ్లకంప. మన వాట్సాప్ గ్రూపులో అడిగితే "కౌన్సిల్‌కి మెయిల్ పెట్టండి" అంటారు. ఏ కౌన్సిల్‌కి? చిక్కంతా అక్కడే ఉంది. ఇక్కడ ఒక్క పల్లె మీద కౌంటీ, డిస్ట్రిక్ట్, పారిష్ అని మూడు కౌన్సిళ్లు ఉండొచ్చు. ఆ పని ఎవరిదో తెలుసుకోకుండా పెట్టిన మెయిల్ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి నెలల తరబడి తిరుగుతుంది, గుంత మాత్రం అలాగే పెద్దదవుతూ ఉంటుంది.

నేను ఇలాంటి ఊళ్లోనే ఉంటాను, మీటింగులకి వెళ్తాను, శనివారాలు పార పట్టుకుని కాలవలు కూడా తీస్తాను. ఇన్నాళ్లలో నాకు అర్థమైంది ఏంటంటే, ఇక్కడ హోదా చూసి, పాత కాపా కొత్త కాపా అని చూసి పనులు జరగవు. పని ఎవరిదో కనుక్కుని, కాగితం మీద పెట్టి, మీటింగుకి వచ్చి కూర్చున్నవాళ్ల పనులు జరుగుతాయి. కాబట్టి మనం పరాయివాళ్లం కదా అన్న బెరుకు పక్కన పెట్టి మొదలుపెట్టండి.

ముందు మీ పారిష్ ఏదో తేల్చుకోండి

పారిష్ అనగానే చర్చి గుర్తొస్తుంది. చర్చి పారిష్ వేరే ఉంది, దానికి పీసీసీ అని సొంత కమిటీ ఉంటుంది. మనకి కావాల్సింది సివిల్ పారిష్. 1894లో వచ్చిన చట్టం ఊరి వ్యవహారాల్ని చర్చి నుంచి విడదీసి, ఎన్నికలతో నడిచే పారిష్ కౌన్సిళ్లకి అప్పజెప్పింది. ఇంగ్లండ్‌లో పారిష్, టౌన్ కౌన్సిళ్లు కలిపి ఇప్పుడు సుమారు 10,000 ఉన్నాయి. మన గ్రామ పంచాయతీ లాంటిదే అనుకోవచ్చు కానీ ఒక పెద్ద తేడా ఉంది. మన దగ్గర సర్పంచ్‌ని ఊరంతా నేరుగా ఓటేసి గెలిపిస్తుంది. ఇక్కడ చైర్‌ని కౌన్సిలర్లే తమలోంచి ఏటా ఎన్నుకుంటారు, ఆ చైర్‌కి ఒంటి చేత్తో నిర్ణయాలు తీసుకునే అధికారం లేదు. అందుకే చైర్‌ని పట్టుకుంటే పని అయిపోతుందన్న లెక్క ఇక్కడ పనిచేయదు. ఏదైనా మీటింగులో తీర్మానం కావాల్సిందే.

మీ కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు తీసి చూడండి. పోలీసు, ఫైర్, పెద్ద కౌన్సిళ్ల వాటాలతో పాటు పారిష్ పేరుతో ఒక చిన్న మొత్తం కనిపిస్తుంది. దాన్ని ప్రిసెప్ట్ అంటారు. మీ ఊరి బెంచీలు, పిల్లల పార్కు, కౌన్సిల్ కాగితాలు, ఉత్తరాలు చూసే క్లర్క్ జీతం అన్నీ దాదాపు దాంట్లోంచే. అంటే మీరు ఆల్రెడీ డబ్బు కడుతున్నారు, అడిగే హక్కు ఆ బిల్లుతోనే వచ్చింది. ఓటర్లు మరీ తక్కువ ఉన్న ఊళ్లలో కౌన్సిల్ ఉండదు. ఓటర్లంతా కూర్చునే పారిష్ మీటింగే ఉంటుంది, అది ఏడాదికి కనీసం 2 సార్లు జరగాలి.

ఏ పని ఎవరిది

దీన్ని ఒకసారి సరిగ్గా బుర్రకెక్కించుకుంటే సగం తలనొప్పి పోతుంది. రోడ్లు, గుంతలు, పేవ్‌మెంట్లు, రోడ్డు పక్క గడ్డి, మంచు కాలంలో ఉప్పు చల్లడం, రోడ్డు మీది నీళ్లు పోయే జాలీలు, ఇవన్నీ కౌంటీ కౌన్సిల్ హైవేస్ విభాగానివి. మోటార్‌వేలు, పెద్ద ట్రంక్ రోడ్లు మాత్రం నేషనల్ హైవేస్ చూసుకుంటుంది. చెత్త బిన్లు, ప్లానింగ్ పర్మిషన్లు, ఎవరో రాత్రిపూట పారబోసి పోయిన పాత పరుపులు, ఇవి డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌వి. ఆ పరుపు ప్రైవేటు పొలంలో పడితే మాత్రం తీయించుకోవాల్సింది పాపం ఆ పొలం యజమానే.

కొన్ని చోట్ల కౌంటీ, డిస్ట్రిక్ట్ రెండూ కలిపేసి ఒకే యూనిటరీ కౌన్సిల్ చేశారు. విల్ట్‌షైర్, కార్న్‌వాల్ 2009లో, డోర్సెట్ 2019లో, సోమర్‌సెట్, నార్త్ యార్క్‌షైర్ 2023లో అలా మారాయి. అక్కడ మీకు ఒక తలుపు తగ్గినట్టే.

పారిష్ కౌన్సిల్ చేతిలో ఉండేవి చిన్నవే, కానీ రోజూ కంటికి కనబడేవి అవే: ఊరి మధ్య గ్రీన్ అనే పచ్చిక మైదానం, పిల్లల పార్కు, బెంచీలు, నోటీసు బోర్డు, చాలాచోట్ల బస్ షెల్టర్లు, కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే అలాట్‌మెంట్లు, శ్మశానం, యుద్ధ స్మారకం, కొన్ని ఊళ్లలో వీధి దీపాలు. చర్చి ఆవరణలో సమాధుల చోటు పీసీసీది, అయితే అక్కడ ఇక ఖననాలు చేయకూడదని ఉత్తర్వుతో మూసేసిన చోట దాని నిర్వహణ పారిష్ కౌన్సిల్ మీదకి రావచ్చు. విలేజ్ హాల్ ఎక్కువ ఊళ్లలో వేరే చారిటీ, దానికి ట్రస్టీలు వేరే. హాలు హీటర్ పనిచేయట్లేదని పారిష్ క్లర్క్ మీద విరుచుకుపడి లాభం లేదు.

మురుగు పైపు పొంగితే నీటి కంపెనీకి, కరెంటు పోతే 105కి, పెద్ద నది పొంగుతుంటే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీకి. వీటి నంబర్లు ఇవాళే ఫోన్‌లో పెట్టుకోండి, చీకట్లో వెతుక్కునే పని లేకుండా.

ఫిర్యాదు ఎలా రాయాలి

గుంత విషయమే తీసుకుందాం. ఇంట్లో కూర్చుని తిట్టుకుంటే ఏమీ కాదు. హైవేస్ యాక్ట్ 1980 ప్రకారం రోడ్డు బాగుచేయడం హైవే అధికారుల బాధ్యత, కానీ అదే చట్టంలో వాళ్లకి ఒక రక్షణ కూడా ఉంది. మేం పద్ధతి ప్రకారం తనిఖీలు చేస్తున్నాం, ఈ గుంత సంగతి మాకు తెలియదు అని వాళ్లు చూపించగలిగితే, మీ కారు టైరు పగిలినా పరిహారం రాకపోవచ్చు. అందుకే ముందుగా రిపోర్ట్ చేసి, రిఫరెన్స్ నంబరు తీసుకోవడం అంత ముఖ్యం. "తెలియదు" అనే మాటకి మీరు రాసిన ఆ రెండు లైన్లే సమాధానం. మీరు తర్వాత క్లెయిమ్ వేయకపోయినా, మీ వెనక వచ్చే ఇంకొకరికి అది పనికొస్తుంది.

హైవేస్ వెబ్‌సైట్‌లో పెట్టొచ్చు, లేదా ఫిక్స్‌మైస్ట్రీట్ వాడొచ్చు. 2007 నుంచి నడుస్తున్న ఈ సైటులో మ్యాప్ మీద చోటు గుర్తిస్తే చాలు, సరైన కౌన్సిల్‌కి అదే పంపిస్తుంది. రాసేటప్పుడు కోపం తగ్గించి వివరం పెంచండి. "రోడ్డు ఘోరంగా ఉంది" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఏ ఇంటి ఎదురుగా, రోడ్డుకి ఏ పక్కన, ఎంత లోతు, ఎంత వెడల్పు, సైకిళ్లు పోతాయా, స్కూలు పిల్లలు నడుస్తారా, అవి రాయండి. లోతు తెలిసేలా ఏదైనా వస్తువు పక్కన పెట్టి ఫోటో తీయండి, అయితే బండ్లు తిరిగే రోడ్డు మధ్యలో నిలబడి మాత్రం వద్దు. ఒక మెయిల్లో ఒక్క సమస్యే పెట్టండి. గుంత, చెత్త, పొరుగింటి కుక్క మూడూ కలిపి రాస్తే మూడూ పోతాయి.

రిఫరెన్స్ నంబరు వచ్చాక ఒక కాపీ పారిష్ క్లర్క్‌కి పంపండి. మీ ఒక్కరి ఫిర్యాదు మెయిల్‌గా మిగిలిపోవచ్చు, కానీ పారిష్ కౌన్సిల్ మినిట్స్‌లోకి, అంటే మీటింగులో జరిగింది రాసిపెట్టే రికార్డులోకి ఎక్కితే అది ఊరి డిమాండ్ అవుతుంది. పెద్ద కౌన్సిల్‌లో మీ ప్రాంతం కౌన్సిలర్ చాలాచోట్ల ఈ మీటింగులకి వస్తుంటారు, ఆ నంబరు ఆ మనిషి చేతిలో పెడితే కదలిక వస్తుంది.

సందులో నీళ్లు నిలిస్తే: దీనికి మాత్రం కాస్త టైం పెట్టండి

పల్లె రోడ్లకి పట్నంలోలాగా రెండు పక్కలా డ్రైన్లు ఉండవు. రోడ్డు పక్కన గడ్డి గట్టు, దాని అవతల డిచ్ అనే కాలవ, దానవతల పొలం. రోడ్డు మీద పడ్డ నీళ్లు కాలవలోకి పోవడానికి ఆ గడ్డి గట్టుని అక్కడక్కడ అడ్డంగా కోసి చిన్న బోదెలు తీస్తారు. వీటిని ఇక్కడ గ్రిప్స్ అంటారు. పార వెడల్పు కూడా ఉండదు. బయటి మనిషి కళ్లకి అసలు ఆనదు. ట్రాక్టర్ చక్రం ఒకసారి గట్టెక్కి దిగితే బోదె మూసుకుపోతుంది, ఆకులు రాలే కాలంలో ఓక్ ఆకులు తడిసి చాప పరిచినట్టు అతుక్కుపోతాయి. ఇక నీళ్లకి దారి లేక రోడ్డు మీదే నిలుస్తాయి, జనవరిలో ఆ నీళ్లే గడ్డకడతాయి, ఆ గడ్డే మార్చి నాటికి తారుని పగలగొట్టి గుంత చేస్తుంది. మీరు వసంతంలో ఫిర్యాదు చేసే గుంత చాలాసార్లు అక్టోబరులో మూసుకుపోయిన బోదెలో పుట్టిందే.

ఇప్పుడు బాధ్యత ఎవరిది? గ్రిప్, రోడ్డు జాలీ హైవేస్‌వి. పొలం పక్క కాలవ సాధారణంగా ఆ భూమి యజమానిది. కాబట్టి వాన పడుతుండగానే గొడుగేసుకుని వెళ్లి చూడండి. నీళ్లు ఎక్కడ నుంచి వస్తున్నాయి, ఎక్కడ ఆగాయి, కాలవ నిండిందా లేక కాలవ ఖాళీగా ఉండి రోడ్డు మాత్రమే నిండిందా. కాలవ ఖాళీగా ఉంటే తప్పు గ్రిప్‌ది, హైవేస్‌కి రాయండి. కాలవే నిండి పొర్లుతుంటే కింద ఎక్కడో పూడిపోయింది, లేదా గేటు దారి కింది తూము మూసుకుపోయింది, అప్పుడు రైతుతో మాట్లాడాలి.

రైతుతో మాట్లాడటం అంటే ఉత్తరం కాదు, మనిషిని కలవడం. చట్టం పేరెత్తి మొదలుపెట్టకండి. మా ఊళ్లో ఒక సందులో ఏళ్ల తరబడి నీళ్లు నిలిచేవి. రైతుకి ఆ తూము పూడిన సంగతే తెలియదు, ఆ చివరి పొలం ఆయన కౌలుకిచ్చారు. వాన రోజు తీసిన వీడియో చూపిస్తే డిగ్గర్ తెచ్చి ఒక్క పూటలో తీసేశారు. అలా మాటతో తేలనప్పుడు రాతపూర్వకంగా కౌన్సిల్‌కి వెళ్లొచ్చు. చిన్న వాగులు, కాలవల విషయంలో కౌంటీకి గానీ యూనిటరీకి గానీ వరద బాధ్యతలు, నోటీసు ఇచ్చే అధికారాలు ఉన్నాయి.

మీటింగుకి వెళ్లడం

మీటింగ్ ఎప్పుడో నోటీసు బోర్డులో ఉంటుంది, వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. బోర్డు అద్దం లోపల తేమ పట్టి, తుప్పు పట్టిన పిన్నుల కింద యోగా క్లాసు కాగితం, తప్పిపోయిన పిల్లి కాగితం మధ్య ఎజెండా వేలాడుతూ ఉంటుంది, కింద క్లర్క్ పేరు. మీటింగుకి కనీసం 3 పూర్తి రోజుల ముందు అది పెట్టాలి. నోటీసు పెట్టిన రోజు, మీటింగ్ రోజు, ఆదివారం, బ్యాంకు సెలవు ఈ లెక్కలోకి రావు. ఎజెండాలో లేని విషయం మీద ఆ రాత్రి నిర్ణయం తీసుకోకూడదు. అందుకని మీ విషయం ఎజెండాలోకి ఎక్కించమని క్లర్క్‌కి 10 రోజుల ముందే రాయడం మంచిది. చిన్న ఊళ్లలో క్లర్క్ వారానికి కొన్ని గంటలే పనిచేసే పార్ట్‌టైమ్ ఉద్యోగి, అప్పటికప్పుడు జవాబు రాలేదని తప్పుగా అనుకోకండి.

లోపల హడావిడి ఏమీ ఉండదు. విలేజ్ హాల్లో బల్లలు కలిపి వేసి, ఐదారుగురు లేదా పదిమంది కౌన్సిలర్లు, ల్యాప్‌టాప్‌తో క్లర్క్, గోడ పక్కన జనానికి కుర్చీలు. చాలా రోజులు ఆ కుర్చీల్లో ఎవరూ ఉండరు. వెళ్లి కూర్చోవడం మీ హక్కు, 1960 నుంచి చట్టంలో ఉంది. 2014 నుంచి రికార్డు చేసుకునే హక్కు కూడా ఉంది. మొదట్లో ప్రజలు మాట్లాడటానికి కొంత సమయం ఇస్తారు, ఎక్కువచోట్ల మనిషికి 3 నిమిషాలు. అది దాటాక మీరు వినాలే తప్ప చర్చలో దూరకూడదు, ఇది మనవాళ్లకి కొంచెం కష్టంగా అనిపిస్తుంది కానీ పాటించండి. సార్, మేడం అక్కర్లేదు, పేర్లతోనే పిలుచుకుంటారు. మాట మాత్రం చైర్‌ని ఉద్దేశించి చెప్పాలి.

ఆ 3 నిమిషాల్లో మూడే చెప్పండి: సమస్య ఎక్కడ, ఎంతమందికి ఇబ్బంది, మీరు కౌన్సిల్ నుంచి ఏం కోరుతున్నారు. మూడోది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. "ఏదైనా చేయండి" అంటే "పరిశీలిస్తాం" అని రాసుకుంటారు. "స్పీడ్ చూపించే బోర్డు పెట్టడానికి హైవేస్‌ని పర్మిషన్ అడుగుతూ ఉత్తరం రాయండి" అంటే అది తీర్మానం అవుతుంది, వచ్చే నెల మినిట్స్ చూసి ఏమైందని అడగొచ్చు.

మామూలు మీటింగులు కాకుండా మార్చి 1 నుంచి జూన్ 1 మధ్యలో వార్షిక పారిష్ మీటింగ్ ఒకటి జరగాలి. అది కౌన్సిల్ మీటింగ్ కాదు, ఊరి ఓటర్ల సభ, మన గ్రామసభ లాంటిది. అక్కడ ఏ ఓటరైనా మాట్లాడొచ్చు. ఏదైనా పెద్ద విషయం వస్తే ఆరుగురు ఓటర్లు కలిసి ఏడాదిలో ఎప్పుడైనా ఇలాంటి సభ పిలవొచ్చు.

డబ్బు అడగడానికి ముహూర్తం

ఫిబ్రవరిలో వెళ్లి పార్కుకి కొత్త ఊయల అడిగితే కుదరదంటారు. అది మొండితనం కాదు, అప్పటికి లెక్క ముగిసిపోతుంది. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, ప్రిసెప్ట్ ఎంతో జనవరి నాటికి పెద్ద కౌన్సిల్‌కి చెప్పాలి, అంటే బడ్జెట్ చిత్తు కాగితం అక్టోబరు, నవంబరులో తయారవుతుంది. మీ కోరిక సెప్టెంబరులో, రెండు మూడు కొటేషన్లతో క్లర్క్ టేబుల్ మీద ఉండాలి.

ప్రిసెప్ట్ ఒక్కటే దారి కాదు. మీ జిల్లాలో కొత్త కట్టడాల మీద సీఐఎల్ అనే లెవీ వసూలు చేస్తుంటే అందులో 15 శాతం పారిష్‌కి రావాలి (ఊళ్లో ఇళ్ల సంఖ్యని బట్టి దానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది), ఊళ్లో కొత్త కట్టడాలు ఎక్కడ, ఎలా రావాలో చెప్పే నైబర్‌హుడ్ ప్లాన్ ఆమోదం పొంది ఉంటే 25 శాతం. ఊరి పక్కన ఇళ్లు లేచినప్పుడు ఆ డబ్బు ఎక్కడికి పోయిందో తప్పకుండా అడగండి. నేషనల్ లాటరీ వాళ్ల అవార్డ్స్ ఫర్ ఆల్ కింద 300 నుంచి 20,000 పౌండ్ల దాకా గ్రాంట్లు ఉన్నాయి. యుద్ధ స్మారకానికి వార్ మెమోరియల్స్ ట్రస్ట్ సలహా ఇస్తుంది. వాళ్లని అడక్కుండా ఆ రాయి మీద ప్రెషర్ వాషర్, వైర్ బ్రష్ పెట్టకండి, మంచి ఉద్దేశంతోనే అక్షరాలు అరగదీసినవాళ్లు ఉన్నారు.

చేతులతో చేసే పని

మీరు ఊళ్లో మనిషి అయ్యేది నిజంగా ఇక్కడే. పూల మొక్కల దుంపలు (బల్బులు) నాటడం, చెత్త ఏరడం, పార్కు కంచెకి రంగు వేయడం, ఏదైనా సరే శనివారం పొద్దున్న ఒక రెండు గంటలు. ఇన్సూరెన్స్ సంగతి మాత్రం ముందు కనుక్కోండి. కౌన్సిల్ ఒప్పుకున్న పని అయితే వాళ్ల పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ వలంటీర్లకి వర్తిస్తుందా అని క్లర్క్‌ని రాతలో అడగండి. రోడ్డు గట్టు మీద పనికి హైవేస్ అనుమతి కావాలి. చెత్త ఏరే కర్రలు, సంచులు చాలా కౌన్సిళ్లు ఊరికే ఇస్తాయి.

కంచె పొదలు కొట్టడానికి కాలం చూసుకోవాలి. మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు పొలాల కంచెలు కొట్టడం మీద ఆంక్షలున్నాయి, రోడ్డు భద్రత లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. మీ సొంత తోటలో అయినా పక్షి గూడు కట్టుకుని ఉండగా దాన్ని కావాలని పాడుచేస్తే నేరమే.

వాగు గట్ల మీద గులాబీ రంగు పూలతో మనిషెత్తు పెరిగే హిమాలయన్ బాల్సమ్ అనే మొక్క ఉంటుంది. 1839లో అందం కోసం మన వైపు నుంచే తెచ్చారు, ఇప్పుడు స్థానిక మొక్కల్ని మింగేస్తోంది, చలికాలంలో చచ్చిపోయి గట్టుని బోసిగా వదిలేస్తే మట్టి కోసుకుపోతుంది. విత్తనం కాయ ముదిరితే తాకగానే పేలి 7 మీటర్ల దాకా చిమ్ముతుంది, అందుకని జూన్, జూలైలోనే, కాయ కట్టక ముందే లాగేయాలి. వేరు పైపైనే ఉంటుంది, పిల్లలు కూడా సులువుగా పీకేయగలరు. భూమి యజమానిని అడిగి, గట్టు మీద నిలబడి లాగండి, నీళ్లలోకి దిగొద్దు.

పాత ఎర్ర ఫోన్ బాక్సులు బీటీ దగ్గర 1 పౌండ్‌కే పారిష్‌లు తీసుకోవచ్చు, చాలా ఊళ్లు అందులో గుండె ఆగిన మనిషికి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ పెట్టాయి. పెట్టడం కంటే చూసుకోవడం ముఖ్యం. ఎవరో ఒకరు క్రమం తప్పకుండా వెళ్లి లైటు పచ్చగా ఉందా, ప్యాడ్ల తేదీ దాటిందా చూడాలి. అది ది సర్క్యూట్ అనే జాతీయ జాబితాలో నమోదై ఉంటేనే 999కి ఫోన్ చేసినవాళ్లకి అంబులెన్స్ వాళ్లు దాని చోటు చెప్పగలరు. మీ ఊరిది నమోదైందా అని ఈ వారమే అడగండి. మనవాళ్లలో నర్సులు, డాక్టర్లు ఎంతోమంది ఉన్నారు కదా, ఈ ఒక్క బాధ్యత తీసుకుంటే ఊరు గుర్తుపెట్టుకుంటుంది.

బండ్ల వేగం మీద కోపం ఉంటే కమ్యూనిటీ స్పీడ్‌వాచ్‌లో చేరండి. పోలీసులే ట్రైనింగ్ ఇస్తారు. మీరు జరిమానా వేయలేరు, వేగంగా పోయినవాళ్లకి పోలీసుల నుంచి హెచ్చరిక ఉత్తరం వెళ్తుంది. అంతకంటే మీరు రాసిన అంకెలు రేపు స్పీడ్ లిమిట్ తగ్గించమని అడగడానికి పనికొస్తాయి.

పొలాల మధ్య నడక దారులు

పసుపు బాణం ఫుట్‌పాత్, నీలం బాణం గుర్రాలు కూడా పోయే బ్రిడిల్‌వే. ఇవి రైతు దయతో వదిలినవి కావు, చట్టప్రకారం హైవేలు. దుక్కి దున్నాక పొలం మధ్య దారిని 14 రోజుల్లో మళ్లీ కనిపించేలా చేయాలి, కొలత వేరే ఎక్కడా రాసి లేకపోతే ఫుట్‌పాత్ కనీసం 1 మీటరు వెడల్పు. పొలం గట్టు పక్కగా పోయే దారిని అసలు దున్నకూడదు. గేట్లు, ఎక్కి దాటే స్టైల్‌లు భూమి యజమాని బాధ్యత, వాటి ఖర్చులో కనీసం నాలుగో వంతు హైవే అధికారులు భరించాలి. దారి మూసేసి ఉంటే మ్యాప్ గుర్తుతో, ఫోటోతో కౌంటీ రైట్స్ ఆఫ్ వే ఆఫీసర్‌కి రాయండి. మన వంతుగా గేటు తెరిచి ఉంటే తెరిచి, వేసి ఉంటే వేసి వెళ్లాలి.

ప్లానింగ్ దరఖాస్తులు

ఇక్కడ పారిష్ కౌన్సిల్ అభిప్రాయం చెబుతుంది, నిర్ణయం మాత్రం డిస్ట్రిక్ట్‌ది లేదా యూనిటరీది. సాధారణంగా 21 రోజుల గడువు. "మా కిటికీలోంచి కనిపించే దృశ్యం పోతుంది", "మా ఇంటి ధర పడిపోతుంది" అనేవి లెక్కలోకే రావు. రోడ్డు భద్రత, నీటి పారుదల, మీ ఇంట్లోకి నేరుగా చూపు పడటం, వెలుతురు తగ్గడం, ఇవి లెక్కలోకి వస్తాయి. వరద వచ్చిన రోజు మీరు తీసి పెట్టుకున్న ఫోటోలు ఇక్కడ బంగారం. ఒకే ఉత్తరం అందరూ కాపీ చేసి పంపడం కంటే ఎవరి ఇబ్బంది వాళ్లు రాస్తే విలువ ఎక్కువ.

అలాట్‌మెంట్

ఊళ్లో ఖాళీ ప్లాట్ ఉంటే పేరు రాయించుకోండి. పూర్తి ప్లాట్ సుమారు 250 చదరపు మీటర్లు, సగం ఇస్తే సగమే తీసుకోండి, మొదటి ఏడాది కలుపుకే సరిపోతుంది. వేసవిలో మెంతికూర, కొత్తిమీర బాగానే వస్తాయి. గోంగూర, సొరకాయకి గ్రీన్‌హౌస్ లేదా పాలిటన్నెల్ ఉంటే నయం. ఊళ్లో అలాట్‌మెంట్లే లేకపోతే, 1908 నాటి చట్టం ప్రకారం ఊళ్లో ఉండే ఓటర్లు ఆరుగురు కలిసి రాసిస్తే కౌన్సిల్ దాన్ని తప్పక పరిశీలించాలి.

ఓటు, ఆ తర్వాత కుర్చీ

చాలామందికి తెలియని సంగతి ఇది. భారత పౌరులు కామన్వెల్త్ పౌరుల కింద వస్తారు కాబట్టి, ఇక్కడ ఉండటానికి చెల్లుబాటు అయ్యే వీసా ఉంటే, వర్క్ వీసా అయినా స్టూడెంట్ వీసా అయినా, ఓటరుగా నమోదు చేసుకుని ఓటేయొచ్చు. బూత్‌లో చూపించాల్సిన ఫోటో ఐడీగా భారత పాస్‌పోర్ట్ చెల్లుతుంది. బ్రిటిష్ పాస్‌పోర్ట్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.

కౌన్సిలర్‌గా నిలబడాలంటే మాత్రం భారత పౌరులకి ఐఎల్‌ఆర్ (గడువు లేకుండా ఇక్కడ ఉండే అనుమతి) ఉండాలి, 18 ఏళ్లు నిండి ఉండాలి, ఆ పారిష్‌లో ఓటరై ఉండాలి. ఆ పారిష్‌లో ఓటరు కాకపోయినా, గత 12 నెలలుగా ఊళ్లో గానీ ఊరికి 3 మైళ్ల లోపు గానీ నివసిస్తూ ఉంటే సరే. ఎన్నికలు మామూలుగా 4 ఏళ్లకోసారి. మీ పేరు ప్రతిపాదించే ప్రపోజర్, బలపరిచే సెకండర్ ఇద్దరు సంతకం పెడితే చాలు. చాలా ఊళ్లలో సీట్లకి సరిపడా మనుషులే రారు. మధ్యలో సీటు ఖాళీ అయితే నోటీసు పెడతారు, 14 పనిదినాల్లో 10 మంది ఓటర్లు ఎన్నిక కావాలని అడగకపోతే కౌన్సిల్ తనే ఎన్నిక లేకుండా ఒకరిని ఆ సీట్లోకి తీసుకుంటుంది, దీన్నే కో-ఆప్ట్ అంటారు. మీరు కొన్నాళ్లు మీటింగులకి వచ్చి, బోదెలు తీసి, డీఫిబ్రిలేటర్ చూసుకుని ఉంటే, ఆ సీటు కావాలని క్లర్క్‌కి ఉత్తరం రాసేటప్పుడు కొత్తగా చెప్పుకోవాల్సింది ఏమీ ఉండదు.

సీటు వచ్చాక 28 రోజుల్లో మీ ఉద్యోగం, ఊళ్లో మీకున్న ఆస్తి వివరాలు నమోదు చేయాలి, అవి జనానికి కనిపిస్తాయి. మీ ఇంటి పక్క స్థలం విషయం చర్చకి వస్తే ముందే చెప్పి ఓటింగ్‌కి దూరంగా ఉండాలి. కౌన్సిల్ ఒప్పుకున్న కారణం లేకుండా 6 నెలలు మీటింగులకి రాకపోతే సీటు పోతుంది.

కౌన్సిల్ తీరు బాగోలేకపోతే

ఏటా వేసవిలో 30 పనిదినాలు లెక్కల పుస్తకాలు ఊరివాళ్లు చూడటానికి తెరిచి ఉంచాలి. జూలై మొదటి 10 పనిదినాలు అందులో తప్పనిసరిగా ఉంటాయి. ఇన్‌వాయిస్‌లు, ఒప్పందాలు అడిగి చూడొచ్చు. మిగతా రోజుల్లో సమాచార హక్కు కింద రాస్తే 20 పనిదినాల్లో జవాబివ్వాలి. కౌన్సిలర్ ప్రవర్తన మీద ఫిర్యాదైతే డిస్ట్రిక్ట్ లేదా యూనిటరీలో ఉండే మానిటరింగ్ ఆఫీసర్‌కి వెళ్లాలి. పెద్ద కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు వినే ఓంబుడ్స్‌మన్ సాధారణంగా పారిష్ కౌన్సిళ్లని చూడరు, అటు రాసి నెలలు పోగొట్టుకోకండి. చాలామంది కౌన్సిలర్లు పైసా తీసుకోకుండా సాయంత్రాలు వదులుకుని చేసే పని ఇది, కాబట్టి ముందు క్లర్క్‌కి ఒక మర్యాదైన మెయిల్ పెట్టి అడగండి. దానికి సరైన జవాబు రాకపోతేనే పై మెట్టు ఎక్కండి, ఎక్కేటప్పుడు ఆ మెయిల్ కాపీ జత చేయండి.